నడిమి గోడ కింద మెట్టు

ఆ సందు ఎందుకంటావా బిడ్డా? పిల్లి దూరుతుంది, నువ్వు దూరవు, చీపురు కూడా సరిగా పోదు, మన ఇంటికీ పెద్దతాత ఇంటికీ మధ్య అంత జాగా ఎందుకు వదిలారని ఫోన్‌లో అడిగావు కదా. పెద్దతాత గోడ పడకుండా వదిలాం, అన్నాను. అంతలో మీ అమ్మ పిలిచిందని నువ్వు ఫోన్ పెట్టేశావు. నాకే ఆ మాట దగ్గర ఆగబుద్ధి కాలేదు. అందుకని నా మనవలు మీ ఇద్దరికీ కలిపి ఇది రాస్తున్నాను. తెలుగు చదవడం కష్టమైతే మీ నాయిన చదివి వినిపిస్తాడు. ఇందులో కొన్ని సంగతులు ఆయనకు కూడా తెలియవు.

మీరు చూసే ఈ రెండు ఇళ్లు ఒకప్పుడు ఒకటే ఇల్లు. పడమర నుంచి తూర్పుకు పొడుగ్గా, పైన పెంకులు, నడుమ ఒకే గోడ. గోడకు అటు బావ వాళ్లు, ఇటు మేము. బావ అంటే మీ తాతకు సొంత అన్న, మీరు పెద్దతాత అనే మనిషి. ఆయన భార్యను నేను అక్కా అని పిలుస్తాను. తోటికోడలే గానీ, కొత్తలో ఈ లాల్‌గడి మలక్‌పేట్‌లో నాకు దారులన్నీ చూపించింది ఆమే.

నేను కాపురానికి వచ్చిన ఏడాదే ఆ ఇల్లు కట్టారు. మామ అప్పటికే పోయాడు. ఇంటికి పెద్ద బావ. ఆస్తి పంపకాలు ఇంకా కాలేదు. కానీ ఇంట్లో ఎవరిది ఏ భాగమో ముగ్గు పోయకముందే అందరికీ తెలుసు. పెద్దవాడు పడమర, చిన్నవాడు తూర్పు. మాలాంటి ఇళ్లలో దాన్ని ఎవరూ అడగరు, ఎవరూ మార్చరు. కాబట్టి బునాది తవ్వే రోజుకే, ఏ గోడ కింద ఎవరు బతకబోతున్నారో బావకు తెలుసు. పునాదిని మేము బునాది అంటాం.

మీ తాత తెల్లవారకముందే ఎడ్లు కట్టుకుని గుట్టకు పోయేవాడు. రాయి నింపుకుని వచ్చి, దింపి, ఎడ్లకు నీళ్లు పెట్టి మళ్లీ బయలుదేరేవాడు. బునాది తవ్వినన్ని రోజులూ, రాయి పేర్చినన్ని రోజులూ ఆయన ఒక్క పూట కూడా గుంత దగ్గర నిలబడలేదు.

“ఈడ నేను జూసుకుంట తియ్ తమ్మీ, నువ్వు రాయి సంగతి జూస్కో,” అనేవాడు బావ.

నేను పనివాళ్లకు అంబలి తీసుకుపోయేదాన్ని. కొత్త కోడలిని, తల దించుకుని పోయి తల దించుకుని వచ్చేదాన్ని. కళ్లు నేల మీదే ఉండేవి గానీ, గుంతలోకి తొంగి చూడాలని నాకెందుకు తోస్తుంది? నేల మీదికి మూడు వరసల చెక్కిన రాయి లేచింది, చుట్టూ ఒకే ఎత్తు. చూసినవాళ్లందరూ బాగుందన్నారు.

మూడో వానాకాలానికి మా వెనక గదిలో కిటికీ పక్కన గోడ చీలింది. ముందు దారం పోగంత, తర్వాత వేలు పట్టేంత. బావ వచ్చి ఆ చీలిక మీద చెయ్యి పెట్టి చూశాడు. తర్వాత బయటికి వచ్చి, గోడ పక్కన నేను నీళ్లు పోసుకునే బండను వేలు పెట్టి చూపించాడు.

“నీళ్లు బిడ్డా. తానం జేసిన నీళ్లు, గిన్నెలు కడిగిన నీళ్లు, అన్ని గోడకే పోతున్నయ్. మన్ను నానదా మరి?”

నాకు సిగ్గేసింది. ఇంత ఇల్లు కట్టి ఇస్తే రెండేళ్లలో నీళ్లు పోసి పాడు చేశానని. అదే వారం ఆ బండను పెరట్లో దూరంగా, కంచె దగ్గరికి జరిపించాను. అక్క కూడా వచ్చి ఓ పక్క పట్టింది. అప్పటి నుంచి చలికాలమైనా వానాకాలమైనా వేడినీళ్ల బిందె మోసుకుని అక్కడిదాకా పోయేదాన్ని. తడి బట్టలతో వణుక్కుంటూ తిరిగొచ్చేదాన్ని. అయినా ప్రతి వానాకాలం గోడ చీలుతూనే ఉంది. మన్ను, పేడ కలిపి చీలికలు పూడ్చేదాన్ని. నా చీరకొంగు నుంచి ఎక్కడ ఏ చుక్క పడిందో అని వెతుక్కునేదాన్ని.

వాడకట్టు ఆడవాళ్లకు నేను నవ్వులాట అయిపోయాను. “ఏమ్మో, నీ తానానికి బునాదులే కదుల్తున్నయట గదా, చెరువుల దిగితె కట్ట తెగుతదా ఏంది?” అనేవాళ్లు. నేనూ వాళ్లతో నవ్వేదాన్ని. మీ నాయిన చిన్నప్పుడు ఓసారి ఆ గోడకు ఉచ్చ పోశాడని వీపు మీద గట్టిగా రెండు వేశాను. ఆ దెబ్బలు ఆయనకు గుర్తున్నాయో లేదో. నాకు గుర్తున్నాయి.

ఇలాగే ఇరవై ఏళ్లు దాటింది. తొంభైల చివరికి వచ్చాం. మా చుట్టూ చేలన్నీ ప్లాట్లవుతున్నాయి. తెల్ల రంగు వేసిన రాళ్లు వరసగా పాతుతున్నారు. పెంకుటిళ్లు దింపి స్లాబులు వేసుకోని వాళ్లు తక్కువ. మీ నాయిన మేడ్చల్‌లో ఓ కార్ఖానాలో పనికి కుదిరాడు. మీ అమ్మను చూసి వచ్చాం, పెళ్లి మాట ఖాయమైంది. మీ బాబాయి ఇంకా చదువుకుంటున్నాడు.

నాకు కావలసింది ఒక్కటే. కింద మేమూ మీ బాబాయీ, పైన మీ నాయినా మీ అమ్మా. ఇద్దరు కొడుకులూ ఒకే వాకిట్లోంచి పోవాలి, రావాలి. పాత బునాది పనికొస్తే కింద, పైన రెండూ కట్టుకోగలం. కొత్తగా బునాది తీయాల్సి వస్తే మా శక్తంతా మట్టిలోకే పోతుంది, కింది ఇల్లు ఒక్కటే లేస్తుంది. ఇంట్లో అందరికీ ఈ సంగతి తెలుసు. బావకూ తెలుసు. మీ తాత ప్రతిదీ ఆయనతో చెప్పేవాడు.

మేస్త్రి పాలమూరు వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడినవాడు. సన్నటి మనిషి, మాట తక్కువ. ఇల్లంతా చుట్టి చూసి, చీలికల్లో పుల్ల పెట్టి లోతు చూసి, బునాది పక్కన తవ్వి చూడాలన్నాడు. బావ అప్పుడు మా అరుగు మీదే కూర్చుని ఉన్నాడు.

“తవ్వుడెందుకయ్యా? నేను నిలవడి కట్టిచ్చిన బునాది. ఉక్కు లెక్కుంటది,” అన్నాడు. మీ తాత వైపు తిరిగి, “ఒకటి గాదు, రెండు మిద్దెలేస్కో తమ్మీ. నేనున్న జామీను,” అని పూచీ పడ్డాడు.

మీ తాత ముఖం వెలిగిపోయింది. “అన్న జెప్పినంక ఇగ తవ్వుడేంది మేస్త్రీ. కానియ్యి.”

మేస్త్రి బీడీ ఆర్పి చెవి మీద పెట్టుకున్నాడు.

“మీ అన్న మాట మీద గోడ లేపుమంటె లేపుత పటేలా. స్లాబ్ మాత్రం లేపలేను. స్లాబ్‌కు మాట ఎర్కలేదు, బరువే ఎర్క. మూడు గుంతలు తవ్వుత, ఒక్క దినం పని. మంచిగుంటె మీ అన్నకు నేనే దండం బెడ్త.”

బావ నవ్వి, తవ్వుకొమ్మని లేచి పోయాడు.

మర్నాడు పొద్దున్నే మేస్త్రి ఇద్దరు మనుషులతో వచ్చాడు. మొదటి గుంత ఈశాన్యం మూల, గోడను ఆనుకుని. నేను చేటలో కందులు చెరుగుతూ అక్కడే కూర్చున్నాను. నాకేమీ భయం లేదు. ఇంకా చెప్పాలంటే, నా నీళ్లు ఎంతవరకు పోయి పాడు చేశాయో ఇవాళ బయటపడుతుందనే అనుకుంటున్నాను.

మోకాలి లోతుకు రాయి అయిపోయింది.

మేస్త్రి ఇంకాస్త మన్ను తీయించి, రాయి కిందికి చెయ్యి పోనిచ్చి పిడికెడు మన్ను బయటికి తెచ్చాడు. అందులో పెంకు ముక్కలు, బూడిద, నల్లబడిన పాత పెంట. గట్టి నేల కాదది, ఎప్పుడో పెంటగుంతను పూడ్చిన మన్ను. గడ్డపార మొన ఆనించి ఊరికే చేత్తో ఒత్తాడు. దెబ్బ కొట్టకుండానే అది మూరెడు లోపలికి దిగింది. చెంబుతో నీళ్లు పోస్తే పోసినట్టే మాయమయ్యాయి.

“మూలకు ఏదన్న పాత గుంత ఉండెనేమో. ఇంకోటి జూద్దాం,” అన్నాడు.

ఉత్తరం గోడ నడుమ రెండో గుంత. అక్కడా మోకాలి లోతే. రాళ్లు కూడా పెద్దవి కావు, చెక్కగా మిగిలిన ముక్కలు. వాటిని మట్టి పెట్టి పేర్చారు. “ఆ కాలంల గట్లనే కట్టేటోళ్లు,” అని మీ తాత ఒక్కసారి తనలో తాను అనుకున్నాడు.

మూడోది అదే ఉత్తరం గోడకు బయట, నడిమి గోడ వచ్చి కలిసే చోట. మాది ఎక్కడ ఆగుతుందో, వాళ్లది ఎక్కడ మొదలవుతుందో తెలియాలంటే రెండు వైపులా బారెడు వెడల్పున తవ్వాలన్నాడు మేస్త్రి. లోపలి నుంచి బావ గొంతు వినిపించింది.

“మా దిక్కు ఎందుకు తవ్వుతున్రు?”

అక్క గడప మీద నిలబడి ఉంది. “తవ్వనియ్యి. మన బునాదికేమన్న నజర్ తగుల్తదా? తవ్వు మేస్త్రీ,” అంది.

తవ్వారు. మా వైపు నుంచి వచ్చిన రాయి మోకాలి లోతులోనే ఉంది. సరిగ్గా నడిమి గోడ కిందికి రాగానే మెట్టు దిగినట్టు కిందికి దిగింది. అక్కడి నుంచి పడమరకు రాయి మీద రాయి. రెండు మూరల పొడుగు రాళ్లు, ఒకటి అడ్డం, ఒకటి నిలువు, సందుల్లో గట్టిగా బిగించిన రాతి చిప్పలు. మేస్త్రి ఛాతీ లోతు దాకా అలాగే పోయి, గరుకుగా గట్టిగా ఉండే మొరం నేల మీద కూర్చుంది.

మేస్త్రి పైకి వచ్చి చేతులు దులుపుకుని గుంత గట్టున కూర్చున్నాడు. తర్వాత మీ తాతతో మెల్లగా అన్నాడు.

“పటేలా, గిది తప్పు గాదు. తప్పైతే వంకర ఉంటది. గిది దారం గట్టి దించిన్రు.”

మీ తాత గుంతలోకి దిగాడు. ఒక పొడుగు రాయి మీద అరచెయ్యి వేశాడు. “గీ రాయి తెచ్చిన నాడు ఇరుసు ఇరిగింది. చీకటి పడేదాక రోడ్డు మీదనే ఉన్న,” అన్నాడు, ఎవరితోనూ కాదు. గుట్ట నుంచి ఆయన ఏరి, ఎత్తి, తోలుకొచ్చిన మంచి రాళ్లన్నీ అక్కడ ఉన్నాయి. గోడకు ఇటు వైపు ఒక్కటీ లేదు.

బావ బయటికి వచ్చాడు. తువ్వాలు భుజాన వేసుకుని గుంతకు రెండడుగుల దూరంలో ఆగాడు.

“అన్నా, గిదేంది?”

“అప్పుడు రాయి సాలలే తమ్మీ.”

“సాలలేదని ఒక్క మాట అంటె ఇంకో నాలుగు బండ్లు తోలకొద్దును గదనే. ఎడ్లు మనయే, గుట్ట ఏడికి పోయింది?”

“వానలొచ్చె దినాలు. జల్దీ జెయ్యాల్సొచ్చింది.”

“జల్దీ మా దిక్కే వచ్చిందా అన్నా?”

అప్పుడు అక్క నోరు విప్పింది. అందరికీ చెబుతున్నట్టు కాదు, తనకు ఇప్పుడే ఏదో అర్థమవుతున్నట్టు.

“నిన్నటి సంది బువ్వ ముట్టలే గీయిన. తవ్వుతరని తెలిసినకాడికెల్లి. కడుపుల బాగలేదనుకున్న...”

అంతటితో ఆపేసి భర్త ముఖంలోకి చూసింది. ఆమెకు ఏమీ తెలియదని నాకు ఆ చూపుతోనే తెలిసిపోయింది. ఆ తర్వాత ఎవరెవరు ఏమన్నా నేను ఆమెను అనుమానించలేదు.

నేను చేట కింద పెట్టి లేచాను. అన్నేళ్లలో బావ ముందు గొంతు పెంచి మాట్లాడింది లేదు. ఆ రోజూ పెంచలేదు.

“బావా, నిన్న గూడ జెప్తివి. రెండు మిద్దెలేస్కోండ్రి, నేనున్న జామీను అంటివి. నా పిల్లలు పండుకునే మిద్దె బావా.”

ఆయన నన్ను కాదు, నా పక్కన ఉన్న గోడను చూశాడు. “మేస్త్రికి చాయ్ పోసిండ్రా?” అని అడిగి లోపలికి వెళ్లిపోయాడు.

రాయి పోయిందని నాకు అంత బాధ లేదు బిడ్డా. అన్నదమ్ములు అన్నాక ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ పోతుంది. కానీ నా గోడ చీలినప్పుడు ఆయన వచ్చి, చెయ్యి పెట్టి చూసి, కింద ఏముందో తెలిసి, వేలు తిప్పి నా నీళ్లను చూపించాడు. ఒకసారి కాదు. మళ్లీ మళ్లీ చీలిన ప్రతిసారీ, “బండ ఇంక జెర దూరం జరుపు బిడ్డా” అన్నాడు. ప్రేమగానే అన్నాడు. ఆ ప్రేమను ఇప్పుడు ఏ వైపు నుంచి చూడాలో నాకు తెలియలేదు. జ్వరం వస్తే మేడ్చల్ దాకా పోయి మందులు తెచ్చిన మనిషి కూడా ఆయనే మరి.

సాయంత్రం మీ తాత వాకిట్లో కూర్చుని ఒక్క మాట అన్నాడు. “నేనన్న ఒక్కపాలి గుంతల జూడాల్సుండె.” ఇంకేమీ లేదు. తన మీదే వేసుకున్నాడు.

మేస్త్రి తేల్చి చెప్పాడు. తూర్పు వైపు బునాది ఒక్క వరస కూడా పనికిరాదు. ఆ రాయి తీసి, పూడ్చిన మన్నంతా తోడి, మొరం తగిలేదాకా దిగాలి. అక్కడి నుంచి కొత్త బునాది. అయితే నడిమి గోడను ఆనుకుని అంత లోతు తీస్తే పక్క మన్ను జారి, వాళ్ల పాత మట్టిగోడ మా గుంతలోకి వంగుతుంది. కొంత జాగా వదలాలి.

మీ బాబాయికి రక్తం ఉడికిపోయింది. “వంగనియ్యి! మన గోడలు ఇన్నేండ్లు పగల్లేదా? వాళ్లది ఒక్కనాడు పడితె ఏమైతది?”

“గోడకేమైతదిరా,” అన్నాడు మీ తాత. “గా గోడ పక్కకే మీ పెద్దమ్మ మంచముంటది.”

అదీ నువ్వడిగిన సందు.

ఇల్లు లేచింది. కింద మాత్రమే. ఎప్పటికైనా పైన వేసుకుందామని స్లాబ్ మీదికి ఇనుప చువ్వలు వదిలాం. కొన్నేళ్లకు అవి తుప్పు పట్టాయి, మీ బాబాయి వాటికి తీగ కట్టి బట్టలు ఆరేస్తున్నాడు. మీ అమ్మ కాపురానికి వచ్చిన నెలకే మీ నాయిన దుండిగల్‌లో గది కిరాయికి తీసుకున్నాడు. ఇంటి సామాను ఒక్క ఆటోలో సరిపోయింది. తర్వాత నాసిక్‌లో ఉద్యోగం దొరికింది, మీరిద్దరూ అక్కడే పుట్టారు. ఉద్యోగం వల్ల పోయానమ్మా, బునాది వల్ల కాదు అని మీ నాయిన నవ్వుతాడు. కావచ్చు. ఇక్కడ పైన తనదంటూ ఒక గది ఉండి ఉంటే ఆ ఉద్యోగానికి అర్జీ పెట్టేవాడా అని నేను అడగను. అడిగితే ఆయన బాధపడతాడు.

గృహప్రవేశానికి బావ వచ్చాడు. వెనక వరసలో కూర్చున్నాడు. మీ తాతే దగ్గరుండి వడ్డించాడు, “ఇంకొంచెం పెట్టుకో అన్నా,” అని. నేను అన్నం గిన్నె పట్టుకుని ఆ వరసకు పోలేకపోయాను. అక్క చూసింది, నా చేతిలోంచి గిన్నె తీసుకుని తనే పోయింది. మా ఇద్దరి మధ్యా ఆ సంగతి ఎప్పుడూ రాలేదు. వస్తే ఆమె తన మొగుడిని తిట్టాలి, లేదా నాతో అబద్ధమాడాలి. రెండూ ఆమె చేతకాని పనులు. మెల్లగా రాకపోకలు తగ్గాయి. ఇంతకుముందు గోడకు అటు నుంచి కేకేసి ఉప్పు అడిగేది. ఇప్పుడు రెండు గోడలు, నడుమ గాలి. కేక వినిపించదు.

ఏడెనిమిదేళ్ల తర్వాత బావ మంచాన పడ్డాడు. ఊపిరికి కష్టం. తెలివి మాత్రం చివరిదాకా బాగుంది, ఎవరి పొలం ఎవరికి అమ్ముడుపోయిందో అన్నీ చెప్పేవాడు. అక్క రేషన్‌కు పోయినప్పుడు నేను జావ కాచుకుని పోయి కూర్చునేదాన్ని. ఓ మధ్యాహ్నం మేమిద్దరమే ఉన్నాం. గుంత తవ్విన రోజు నాకు నోట రానిది ఆ రోజు అడిగాను. మెల్లగానే అడిగాను. ఆయన విన్నాడు. కళ్లు మూసుకోలేదు, ముఖం తిప్పుకోలేదు. నన్నే చూస్తూ, “ఫ్యాను జెర తక్కువ జెయ్యి బిడ్డా, సలి పెడుతాంది,” అన్నాడు.

తక్కువ చేశాను. దుప్పటి కప్పాను. మిగిలిన జావ తాగించాను. ఆ నెల దాటకుండానే ఆయన పోయాడు.

చెప్పాలని ఉండి చెప్పలేకపోయాడేమో, అన్నం ముట్టలేదంటే లోపల ఏదో తొలిచిందేమో అని మీ తాత అనేవాడు. ఉండొచ్చు. ఆ మాట పట్టుకుని నేనూ ఎన్నోసార్లు ఆయన్ను క్షమించబోయాను. ప్రతిసారీ అదే ప్రశ్న అడ్డం వస్తుంది. ఆ మధ్యాహ్నం నేను అడిగింది ఇదీ:

“బావా, ఆ మేస్త్రి గూడ మీ తమ్ముని లెక్కనే నీ మాట నమ్మి తవ్వకపోతె, నువ్వు ఏ దినం నోరు తెరుద్దువు? గోడలు లేసినంకనా, స్లాబ్ పోసినంకనా, నా కోడలు పిల్లను చంకల ఎత్తుకొని మిద్దె మెట్లు ఎక్కినంకనా?”